ఇంద్రజ పరస్థానం

వేసవి చివర మొదలుపెట్టి శ్రావణమాసం దాకా మా వీధిగదిలో, కిటికీ కింద, ఒక ఆకుపచ్చ సూట్‌కేసు కూర్చుంది. అది మాది కాదు, ఎదురింటి ఇంద్రజది. దాన్ని కదపకూడదు, తెరవకూడదు, ఉతికిన దుప్పట్లు కాసేపు దాని మీద పెట్టుకోకూడదు. చీపురు కూడా తగలకూడదని ఇంద్రజ వాళ్ల నాయనమ్మ పుల్లమ్మ పిన్ని ఆజ్ఞ. నా ఇంట్లో నేను ఊడ్చుకోవడానికి ఆమె అనుమతి కావాల్సొచ్చింది.

మాది గురజాల. మా ఆయన వెంకటకృష్ణయ్యకు బస్టాండు దగ్గర విత్తనాల కొట్టు ఉంది. మా ఇల్లు వాళ్లింటికి సరిగ్గా తూర్పున ఉంది, నేను చేసిన నేరం అదొక్కటే. వాళ్లింట్లో ఎవరు ప్రయాణమైనా, బయలుదేరే రోజున మంచి ఘడియ లేకపోతే, అంతకుముందే మంచి ఘడియ చూసి పుల్లమ్మ పిన్ని సామాను తెచ్చి మా ఇంట్లో పెడుతుంది. దాన్ని పరస్థానం అంటారు. సామాను గడప దాటింది కనుక మనిషి కూడా బయలుదేరినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. నియమం ఒక్కటే: అలా పెట్టిన సామాను, ప్రయాణం పూర్తయితే తప్ప తిరిగి ఆ ఇంటి గడప తొక్కకూడదు. అది ఎన్నాళ్లు చెల్లుతుందో సిద్ధాంతి గారు ఏదో గడువు చెబుతారు. పుల్లమ్మ పిన్ని శాస్త్రంలో గడువులేమీ లేవు, పెట్టింది పెట్టిందే.

ఇదివరకటి పరస్థానాలు పూటలో తేలిపోయేవి. కాశీకి పోయేవాళ్ల సంచి, కాన్పు నుంచి అత్తారింటికి వెళ్లే కూతురి బుట్ట, అలాంటివి. ఈసారి వచ్చింది అమెరికా చదువుకు వెళ్లే పెట్టె. అదీ వీసా రాకముందే వచ్చి కూర్చుంది.

ఆ పిల్ల గురించి చెప్పాలంటే ముందు దాని కాళ్ల గురించి చెప్పాలి. ఒకచోట నిలిచే కాళ్లు కావవి. రెండో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి ఇంటికి రాకుండా బస్టాండుకు పోయి మాచర్ల బస్సెక్కి కూర్చుంది. ఊరంతా వెతికాం. తండ్రి త్రికోటేశ్వరరావు సిమెంటు లారీ డ్రైవరు, ఆ రోజు ఊళ్లో లేడు. తల్లి వాసంతి కుట్టుమిషను ముందు నుంచి లేచి, మెడలో టేపు అలాగే వేలాడుతుంటే వీధులంట ఏడుస్తూ తిరిగింది. సాయంత్రం అదే బస్సులోంచి, కండక్టరు కొనిచ్చిన బిస్కెట్లు నములుతూ దిగింది మహాతల్లి.

"యాడికి పోయావే?" అని నేనే ముందు వీపు మీద ఒకటేశాను.

"ఆ రోడ్డు ఏడదాకా పోద్దో చూద్దామని అత్తా."

"భయమెయ్యలా?"

"ఎందుకు? అదే బస్సు మళ్లా వస్తది గదా!"

తల్లి చేతిలో కూడా తన్నులు తిన్నది. నెల తిరక్కుండా మళ్లీ ఎక్కింది. ఆ తర్వాత మాచర్ల రూటు కండక్టర్లందరికీ ఆ పిల్ల తెలిసిపోయింది. నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు ఆదివారం వచ్చిందంటే కోటప్పకొండ దాకా పోయి వచ్చేది. స్వామిని చూశావా అంటే, "పైదాకా ఎక్కలా అత్తా, చానా జనం ఉన్నారు. ఊరికే పోయొచ్చా" అనేది. ఊరికే పోయి రావడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనైతే పని ఉంటేనే గుమ్మం దిగుతాను.

కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగానికి చేరింది. పూటపూటకూ సిమెంటు పొడి తెచ్చి పరీక్ష చేసి, బాగుందో లేదో రాయడం దాని పని. సాయంత్రం షేరాటో దిగి, జుట్టులో బూడిదరంగు దుమ్ముతో మా గుమ్మంలో నిలబడి మంచినీళ్లు అడిగేది. కూర్చోవే అంటే కూర్చునేది కాదు. గ్లాసు పట్టుకుని మా వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ తాగేది.

"పొడి ఎట్టా ఉందో చెప్తన్నాం అత్తా, ఎందుకట్టా ఉందో అడిగేవాడు లేడు. అడిగితే మెషిను చెప్పింది రాయి చాలు అంటారు" అంది ఒకరోజు. ఆ 'ఎందుకు' నేర్పే చదువు అమెరికాలో ఉందట. రాత్రింబవళ్లు కూర్చుని పరీక్షలు రాసి, ఒక యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది. లోను మంజూరైంది. ఇక వీసా ఒక్కటే మిగిలింది.

ఆ వీసాకు ఒక మెలిక ఉంది. చదువుకోవడానికి వస్తామనే పిల్లలు, చదువయ్యాక తమ ఊరికి తిరిగి వెళ్తారని అవతలి ఆఫీసరుకు నమ్మకం కుదరాలి. నమ్మించే బాధ్యత పిల్లలదే. అద్దానికి అవతల ఆయన, ఇవతల వీళ్లు, నాలుగు మాటల్లో తేలిపోవాలి. అందుకని పిల్లలందరూ నరసరావుపేటలో అల్తాఫ్ దగ్గరికి పోతారు. అల్తాఫ్ ఇంటర్వ్యూ నేర్పుతాడు. తను హైదరాబాదు దాటి ఎరగడు గానీ, పిల్లల చేత అమెరికా ఆఫీసరు ముందు ఎలా నిలబడాలో, ఎక్కడ నవ్వాలో, తిరిగొస్తాననే మాట ఏ గొంతుతో అనాలో పలికిస్తాడు. మంచివాడే, తెలిసినంత చెప్పాడు.

మంచి ఘడియ గొడవ ఇక్కడ వచ్చింది. జ్యేష్ఠంలో మూఢం పడుతోంది, ఆ వెనకే ఆషాఢం. మూఢంలో శుభకార్యాలకు ముహూర్తాలు ఉండవు. వీసా వచ్చి, టిక్కెట్టు కొని బయలుదేరే వేళకు ఏం ఘడియ దొరుకుతుందోనని పుల్లమ్మ పిన్నికి బెంగ పట్టుకుంది. అందుకని మూఢం పడకముందే, వైశాఖంలో ఒక గురువారం ఉదయం, కొత్త బట్టలన్నీ సర్దిన పెట్టెను మనవరాలి చేత మోయించుకుని వచ్చి మా వీధిగదిలో పెట్టించింది. దాని మీద పసుపు బొట్టు పెట్టి, "కదిలిచ్చమాక రత్నం" అని నాతో చెప్పింది.

"వీసా రానీ పిన్నీ, అప్పుడు పెట్టొచ్చు గదా?" అన్నాను.

"పెట్టె బయలుదేరినాక వీసా రాకుండా ఏడికి పోద్ది?" అంది. ఆమె ధైర్యం చూసి ఇంద్రజ కూడా ఫ్యాక్టరీలో రాజీనామా ఇచ్చేసింది. ల్యాబువాళ్లు పార్టీ చేసి, కేకు కోయించి, శాలువా కప్పి పంపించారు.

వీసా రాలేదు.

హైదరాబాదులో అద్దం ముందు నిలబడి, చదువయ్యాక ఏం చేస్తావని అడిగితే, అల్తాఫ్ నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పింది: మా ప్రాంతం మిరపకు పేరు, తిరిగి వచ్చి మిరప్పొడి ఎగుమతి చేసే కంపెనీ పెడతాను. దాని ముందు వరసలో నిలబడినవాడు మన మాచర్ల పిల్లాడు. వాడూ మిరప్పొడి కంపెనీయే పెడతానన్నాడు. వాడి ముందమ్మాయి కూడానట. సిమెంటు మీద పై చదువు చదివి మిరప్పొడి ఏమిటని ఆఫీసరు అడగనైనా అడగలేదు. పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చి, చదివి చూసుకోమని ఒక కాగితం చేతిలో పెట్టాడు. తిరిగొస్తావని నాకు నమ్మకం కలగలేదు అని ఆ కాగితం సారాంశం.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎవర్ని తిట్టాలో తెలియక ఆ రోజంతా మా ఆయన్ని తిట్టాను. ఏడేళ్ల వయసు నుంచి ఎక్కిన ప్రతి బస్సులోనూ తిరిగొచ్చిన పిల్లని పట్టుకుని, తిరిగి రావు పో అన్నారు!

ఇక పెట్టె సంగతి. అది ఇంటికి వెళ్లడానికి లేదు, ప్రయాణం జరగలేదు కదా. ముందుకు వెళ్లడానికీ లేదు. మంచి బట్టలన్నీ అందులో ఉండిపోయాయి. పారేద్దామని పక్కన పెట్టిన మూడు వెలిసిపోయిన చుడీదార్లు మాత్రం దానికి మిగిలాయి. అవే మార్చి మార్చి వేసుకుని, శాలువా కప్పి సాగనంపిన వాళ్ల దగ్గరికే మళ్లీ పోయి నిలబడింది. ల్యాబు పెద్దాయన శ్రీనివాసరావు, పాపం, ఒక్క మాట అనకుండా పనిలోకి రమ్మన్నాడు. అక్కడి కుర్రాళ్లు మాత్రం, "మేడమ్, అమెరికా అప్పుడే చూసొచ్చారా?" అన్నారట. నవ్వుతూనే చెప్పింది నాతో. చెబుతూ చెబుతూ వరండాలో ఆ చివరికి పోయి, అటు తిరిగి కాసేపు నిలబడిపోయింది.

రెండోసారి ఇంటర్వ్యూకు జులైలో తేదీ దొరికింది. ఈసారి కూడా రాకపోతే సీటు పోతుంది. అప్పట్నుంచి ఆ పిల్లకు తిండి లేదు, నిద్ర లేదు. సెలవు వస్తే పొద్దున్నే బస్సెక్కి ఎటో పోయి చీకటి పడకముందు వచ్చేది. పిడుగురాళ్ల, మాచర్ల, ఒకసారి సాగరు దాకా. ఇంట్లో వాసంతి మిషను మోతకు చదవడం కుదరదని మా వీధిగదిలోకి వచ్చి, ఆ పెట్టె చుట్టూ తిరుగుతూ ఇంగ్లీషులో ఒకటే వాక్యం పలికేది. కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు చూసి నా తల తిరిగేది.

"ఒక చోట కూచుని చదువుకోవే! గచ్చు అరిగిపోద్ది" అని అరిచేదాన్ని.

ఒక సాయంత్రం అలాగే తిరుగుతూ పలుకుతోంది. నేను పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. పుల్లమ్మ పిన్ని రోజూలాగే పెట్టె చూసుకోవడానికి వచ్చింది. మనవరాలి వంక కాసేపు చూసింది.

"ఏందే అది? పొద్దస్తమానం అదే పాట పాడతన్నావు."

"ఇంటర్వ్యూలో చెప్పాలి నాయనమ్మా."

"తెలుగులో చెప్పు, నేనూ వింటా."

ఇంద్రజ నవ్వింది. "చదువైపోగానే మా ఊరికి తిరిగొస్తాను అని."

"ఎవరికి చెప్తావు?"

"అక్కడి ఆఫీసరుకి."

పుల్లమ్మ పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని గడప మీద కూలబడింది. "నాకెప్పుడూ చెప్పలేదేందే ఆ మాట?"

ఇంద్రజ తిరగడం ఆపేసింది.

"వస్తావా?" అంది పిన్ని. నిష్ఠూరంగా కూడా అనలేదు. రేపు పని ఉందా అని అడిగినట్టు అడిగింది.

ఆ పిల్ల గోరు కొరుక్కుంటూ పెట్టె వైపు చూసింది, నా వైపు చూసింది. వస్తానని చెప్పవే అని నేను లోపల్లోపల అందిస్తున్నాను, పరీక్షలో పక్కవాడికి అందించినట్టు.

"తెలవదు నాయనమ్మా" అంది చివరికి.

"తెలవకపోతే వాళ్లకి మటుకు ఎట్టా చెప్తావే?" అంది పుల్లమ్మ పిన్ని. లేచి, పెట్టె మీద దుమ్ము అరచేత్తో తుడిచి, ఇంటికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆ వాక్యం దాని నోట రాలేదు. వచ్చినా సగంలో ఆగిపోయేది. నరసరావుపేటలో అల్తాఫ్ ముందు కూర్చుంటే, అన్ని ప్రశ్నలకూ గడగడా చెప్పి, తిరిగొస్తావా అనేచోట మాట తడబడేదట. ఇలా అయితే మళ్లీ పోతుంది చెల్లెమ్మా అని అతను నెత్తి కొట్టుకున్నాడట.

"అనేసి రావే! ముసలామె ఏదో అడిగింది. నీకు కావాల్సింది వీసా. ఆ మాట అందరూ అంటన్నారు, వాళ్లంతా వస్తన్నారా?" అని ఒంటికాలి మీద లేచాను ఒకరోజు.

"అందరూ అంటన్నారు గనకే నేనూ అన్నా అత్తా. అప్పుడది ఇంగ్లీషులో ఒక ముక్క. నాయనమ్మ అడిగినాక అది మాటైపోయింది" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "రానని కాదు. వస్తానని ఒట్టేయలేకపోతన్నా. అక్కడికి పోయినాక నేనెట్టా ఉంటానో నాకేం తెలుసు?"

లేచి దానికి కాఫీ పెట్టిచ్చాను. తిరుగుతూనే తాగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వీసా వస్తే ఈ పిల్ల వెళ్లిపోతుంది. రాకపోతే ఈ వరండాలో తిరిగి తిరిగి పిచ్చిదైపోతుంది. ఏది కోరుకుని దేవుడికి దండం పెట్టాలో తేలక అటూ ఇటూ దొర్లాను.

ఇంటర్వ్యూకు తండ్రి వెంట వెళ్లాడు. లారీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సులో పక్కన కూర్చున్నాడు త్రికోటేశ్వరరావు. "నేను వారం వారం రాష్ట్రాలు దాటి పోయొస్తన్నా గదక్కా, ఏ చెక్‌పోస్టులోనూ తిరిగొస్తావా అని ఒక్కడూ అడగలా" అని ముందురోజు నాతో అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం వాసంతి ఫోను మోగింది. మిషను ఆగింది. వాసంతి వీధిలోకి పరుగెత్తుకొచ్చి, "వదినా! వచ్చింది!" అని కేక పెట్టింది. నేను చేతి పిండి అలాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. పుల్లమ్మ పిన్ని మాత్రం వాళ్ల అరుగు మీద నుంచి కదల్లేదు. రెండు చేతులూ ఎత్తి కోటప్పకొండ ఉన్న దిక్కుకు దండం పెట్టింది.

ఇంద్రజ మరునాడు ఊళ్లోకి దిగి తిన్నగా మా ఇంటికి వచ్చింది. సంతోషంగా ఉంటుందనుకున్నాను. మొహం కందగడ్డలా ఉంది.

"అడగలేదత్తా!"

"ఏది?"

"అదే! తిరిగొస్తావా అని. ఏం చదువు, ఎవరు కడతారు, ఇప్పుడేం ఉద్యోగం అని అడిగాడు. ల్యాబులో ఏం చేస్తావన్నాడు, చెప్పా. నవ్వాడు. వీసా ఇస్తన్నాం అన్నాడు. అంతే! నేనింకా నిలబడే ఉన్నా. వెనకమ్మాయి జరగమన్నదాకా నిలబడే ఉన్నా."

"మంచిదే గదే! గండం గడిచింది."

"బస్సులో అంతా ఆలోచించుకుని పోయా అత్తా. అబద్ధం చెప్పకూడదనుకున్నా. 'ఇప్పటిదాకా ఏ బస్సెక్కినా మా ఇంటికే వచ్చాను, నా గురించి నాకు తెలిసింది అంతే' అని చెబుదామనుకున్నా. ఇంగ్లీషులో కూడా కూర్చుకున్నా." మళ్లీ వరండాలో తిరగడం మొదలుపెట్టింది. "ఎవరికి చెప్పాలి ఇప్పుడు?"

ఎవరికి చెప్పాలో నాకు తెలుసు, దానికీ తెలుసు. కానీ ఎదురింటి అరుగు మీద కూర్చున్న మనిషికి ఇంగ్లీషులో కూర్చుకున్న మాట పనికిరాదు. శ్రావణం దాకా ఆ ఇద్దరూ పప్పులో ఉప్పు గురించీ, అక్కడి చలికి కొనాల్సిన స్వెట్టరు గురించీ మాట్లాడుకున్నారు. ఆ ఒక్క మాట పిన్ని మళ్లీ అడగలేదు, ఈ పిల్ల చెప్పలేదు.

బయలుదేరే రోజు మధ్యాహ్నం హైదరాబాదుకు కారు వచ్చింది. త్రికోటేశ్వరరావు మా వీధిగదిలోంచి ఆకుపచ్చ పెట్టెను ఎత్తి, వాళ్ల గడప వైపు చూడకుండా తిన్నగా డిక్కీలో పెట్టాడు. పెట్టె తీసినచోట నేల మీద దాని సైజులో దుమ్ము గీత మిగిలింది. హమ్మయ్య, నా గది నాకొచ్చిందనుకుని చీపురు అందుకున్నాను. నిజం చెప్పొద్దూ, చీపురు పట్టుకున్నానే గానీ ఊడ్వబుద్ధి కాలేదు.

అంతలో ఇంద్రజ వాళ్ల ఇంట్లోంచి వచ్చింది. చంకలో ఒక మూట ఉంది. పుల్లమ్మ పిన్ని పాత నేత చీర ముక్కలో కట్టిన మూట. తిన్నగా నా వీధిగదిలోకి వచ్చి, ఆ దుమ్ము గీత మధ్యలో దాన్ని పెట్టింది.

"ఏందే ఇది?" అన్నాను.

"నా చుడీదార్లు అత్తా, మూడూ. ఇంటికొచ్చినప్పుడు వేసుకోడానికి."

"మీ ఇంట్లో బీరువా లేదా?"

"ఇది పరస్థానం" అంది. "తిరుగు ప్రయాణానికి."

నాకు ఒళ్లు మండింది. మూడు నెలలు కాపలా కాసింది చాలదా! "తిరుగు ప్రయాణానికి మూట అక్కడ పెట్టాలిగానీ ఇక్కడ పెడతారే? బయలుదేరేది అక్కణ్ణించి గదా!"

"అక్కడ మూట పెట్టుకోడానికి నాకెవరున్నారత్తా?" అంది ఇంద్రజ.

గుమ్మంలో చప్పుడైతే తిరిగి చూశాను. పుల్లమ్మ పిన్ని మా గడప పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. మూటను చూసింది, తన చీర ముక్కను గుర్తుపట్టింది. ఇలా ఎక్కడా లేదు, ఇది శాస్త్రం కాదు అంటుందని ఎదురుచూశాను. ఆమె లోపలికి వచ్చి, వంగి, మూట ముడి ఒకసారి లాగి చూసి, వదులుగా ఉందని విప్పి గట్టిగా ముడేసింది.

"రత్నం, కదిలిచ్చమాక" అంది నాతో.

తర్వాత మనవరాలి తల తన భుజానికి అదుముకుంది. కారు డ్రైవరు హారను కొట్టినా వదల్లేదు.

కారు వెళ్లిపోయింది. వాసంతి ఏడ్చి ఏడ్చి సాయంత్రానికి మిషను ముందు కూర్చుంది. ఆ వారంలోనే మా ఆయన కొత్త మిరప విత్తనాల పెట్టెలు కొట్లో పట్టక ఇంటికి తెచ్చి, కిటికీ కింద సర్దబోయి ఆ మూటను కాలితో పక్కకు జరిపాడు. నేను పెట్టిన కేకకు వీధి చివర కుక్క కూడా లేచి కూర్చుంది. పాపం, ఆ మనిషి పెట్టెలన్నీ మోసుకెళ్లి పెరటి వరండాలో పెట్టుకున్నాడు.

ఇంద్రజ ఫోన్లు చేస్తుంది. అక్కడ కూడా బస్సెక్కి చివరిదాకా పోయి వస్తోందట. ఆ కబుర్లన్నీ వాసంతి వచ్చి చెబుతుంది, పుల్లమ్మ పిన్ని పక్కనే కూర్చుని వింటుంది. ఆమె ఎప్పుడొస్తావని ఫోనులో మనవరాలిని ఒక్కసారి కూడా అడగలేదు. రోజూ పొద్దుగూకే వేళ కర్ర పొడుచుకుంటూ వీధి దాటి మా గుమ్మం దగ్గరికి వస్తుంది. ఈ మధ్య చూపు సరిగా ఆనక లోపలికి రాదు. గుమ్మంలోనే ఆగి అడుగుతుంది.

"మూట ఉందా రత్నం?"

"ఉంది పిన్నీ" అంటాను.

సరేనని తల ఊపి ఇంటికి వెళ్లిపోతుంది.